రెండు రిజిస్టర్లు

జాతీయ రహదారికి ఆనుకుని ఉన్న ఒక చిన్న పట్టణంలో, ప్రభుత్వ ఆసుపత్రి క్యాజువాలిటీలో నేను పదకొండేళ్ళు పనిచేశాను. డ్యూటీ డాక్టరు బల్ల మీద ఎప్పుడూ రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి జ్వరాలది. రెండోది మెడికో లీగల్ కేసులది. దాన్ని అందరూ ఎమ్మెల్సీ బుక్కు అనేవారు. జ్వరాల రిజిస్టరులో ఒక డెంగీ కేసు ఎక్కితే ఆ సాయంత్రంలోగా జిల్లా కేంద్రానికి కబురు వెళ్ళేది. మర్నాడు పొద్దున్నే ఆశా కార్యకర్త, ఏఎన్ఎమ్ కలిసి ఆ ఇంటికి వెళ్ళి నీళ్ళ తొట్లు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు వెతికేవారు, చుట్టుపక్కల ఇళ్ళలో ఇంకెవరికైనా జ్వరముందా అని ఆరా తీసేవారు, పంచాయతీవాళ్ళు వచ్చి పొగ కొట్టేవారు. దోమతో ఎందుకు కుట్టించుకున్నావని ఆ రోగిని ఎవరూ నిలదీయలేదు. ఎమ్మెల్సీ బుక్కులో రోడ్డు మరణం ఒకటి ఎక్కితే మాత్రం ఒక కాగితం పోలీస్ స్టేషనుకు వెళ్ళేది, కానిస్టేబులు వచ్చి సంతకం పెట్టి తీసుకునేవాడు, పంచనామా, పోస్టుమార్టం ముగిశాక బంధువులు శవాన్ని తీసుకెళ్ళేవారు. అంతటితో ఆ వరుస పూర్తయ్యేది. ఆ మనిషి పడిన చోటికి ఆరోగ్య శాఖ తరఫున ఒక్కరు కూడా వెళ్ళి చూడటం ఆ పదకొండేళ్ళలో నేను ఎరగను.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ రెండు రిజిస్టర్ల మధ్య ఉన్న తేడాలోనే ఉంది. రోడ్డు మీద చావు మన దేశంలోనూ, మనలాంటి పేద, మధ్యతరగతి దేశాలన్నిటిలోనూ ఏళ్ళ తరబడి తిష్ఠ వేసిన అంటురోగమంత పెద్ద ఆరోగ్య సమస్య. దానికి కారణాలున్నాయి, అది ఎక్కువగా తగిలే మనుషులున్నారు, పదే పదే అది పుట్టే చోట్లున్నాయి, తగ్గించే మందులూ ఉన్నాయి. అయినా మనం దాన్ని పోలీసు కేసుగానో, తలరాతగానో, కుర్రకారు దుడుకుతనంగానో చూసి పక్కన పెట్టేస్తున్నాం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ఇచ్చిన నివేదిక ప్రకారం ఏటా సుమారు 11 లక్షల 90 వేల మంది రోడ్ల మీద చనిపోతున్నారు. వారిలో 92 శాతం అల్పాదాయ, మధ్యాదాయ దేశాలవారు. ప్రపంచంలోని వాహనాల్లో ఈ దేశాలకున్న వాటా మాత్రం 60 శాతమే. ఐదేళ్ళ నుంచి ఇరవై తొమ్మిదేళ్ళ లోపు వయసులో మరణాలకు అన్ని జబ్బులకన్నా ముందున్న కారణం ఇదే. మన దేశంలో కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 2023లో చనిపోయినవారు 1,72,890 మంది. రోజుకు 470 మందికి పైగా. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే ఏటా పదిహేను వేలు దాటుతున్నారు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఒక్క బస్సు లోయలో పడి అరవై మందికి పైగా చనిపోయినప్పుడు వారం రోజుల పాటు ఇంకో మాట వినపడలేదు, వినపడకూడదు కూడా. కానీ సగటు లెక్కన చూస్తే అదే రోజున దేశంలో మిగతా రోడ్ల మీద నాలుగు వందల మంది ఒక్కొక్కరుగా, ఇద్దరిద్దరుగా చనిపోయి ఉంటారు. ఒకేచోట కుప్పగా పడలేదు కాబట్టి వాళ్ళు వార్త కాలేదు.

ఈ అంకెలు కూడా పూర్తివి కావు. 2016కు మన ప్రభుత్వం చెప్పిన సంఖ్య 1,50,785. అదే ఏడాదికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన అంచనా దాదాపు 2 లక్షల 99 వేలు. ఇంత తేడా ఎలా వస్తుందని నన్నడిగితే మా క్యాజువాలిటీనే చూపిస్తాను. తలకు దెబ్బ తగిలినవాడికి ఊపిరి నిలబెట్టి, సెలైన్ పెట్టి, హైదరాబాదుకు పంపేవాళ్ళం. మా పుస్తకంలో అతని పేరు పక్కన ‘రిఫర్డ్’ అని మాత్రమే ఉండేది. అతను పదో రోజున అక్కడ కన్నుమూస్తే ఆ సంగతి మాకు తెలిసేది కాదు, కేసు కట్టిన స్టేషనుకు చేరిందో లేదో కూడా తెలిసేది కాదు. డబ్బులైపోయి, ఆశ వదులుకుని, మనిషిని ఇంటికి తెచ్చుకుంటే ఊళ్ళోనే చనిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళు ఏ లెక్కలోకీ రారు. ఇక బతికి బయటపడి కాలో, చూపో, జ్ఞాపకమో పోగొట్టుకున్నవారి లెక్క ఎవరు రాస్తున్నారు? ట్రాక్టర్ మెకానిక్కు ఒకతను ఫిట్స్ మాత్రల కోసం రెండేళ్ళ పాటు మా ఓపీకి వచ్చాడు. చీటీ ఎప్పుడూ భార్యే పట్టుకునేది, ఎందుకంటే తన పేరు అడిగితే అతను ఆమె మొహంలోకి చూసేవాడు.

మలేరియా అనే మాటకు అసలు అర్థం చెడ్డ గాలి. గుంటల మీద నుంచి, బురద నేలల మీద నుంచి వీచే గాలి వల్ల జ్వరం వస్తుందని వందల ఏళ్ళు నమ్మారు. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపును కోసి చూసి అందులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టేదాకా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు. గాలిని తిట్టుకుంటూ కూర్చున్నంత కాలం జ్వరం తగ్గలేదు. దోమ అని తెలిశాక నీటి గుంట పూడ్చవచ్చు, తెర కట్టుకోవచ్చు, మందు చల్లవచ్చు. రోడ్డు మరణాల విషయంలో మనం ఇంకా చెడ్డ గాలి దగ్గరే ఉన్నాం. మన చెడ్డ గాలి పేరు ‘నిర్లక్ష్యం’.

ఈ రంగంలో దోమను చూపించినవాడు విలియం హాడన్ అనే ప్రజారోగ్య వైద్యుడు. అమెరికా 1966లో రహదారి భద్రతకు ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థను పెట్టినప్పుడు దానికి మొదటి అధిపతి అతనే. రోడ్డు మీద మనిషిని చంపేది వేగంలో దాగి ఉన్న శక్తి అని, వాహనం ఆ శక్తిని మోసుకొచ్చే దోమలాంటిదని అతని వాదన. కాబట్టి ప్రమాదానికి ముందు, ప్రమాదం జరిగే క్షణంలో, జరిగాక అన్న మూడు దశల్లోనూ మనిషికి, బండికి, రోడ్డుకు ఏం చేయవచ్చో విడివిడిగా వెతకాలన్నాడు. లెక్క వేసి చూస్తే ఇందులో అర్థం కానిదేమీ లేదు. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతూ గట్టి వస్తువును గుద్దుకుంటే ఒంటికి తగిలే దెబ్బ మూడంతస్తుల మేడ మీద నుంచి పడిన దెబ్బతో సమానం. 30 కిలోమీటర్లయితే ఒక అంతస్తు. 100 అయితే పన్నెండు, పదమూడు అంతస్తులు. మేడ మీద పిట్టగోడ లేక పిల్లవాడు పడిపోతే మనం పిల్లవాణ్ణి తిట్టం, ఆ మేడ కట్టినవాణ్ణి అడుగుతాం. రోడ్డుకు పిట్టగోడ ఏదని అడగటం మాత్రం మనకు ఇంకా అలవాటు కాలేదు.

ఒక ఏప్రిల్ రాత్రి సంగతి చెప్పాలి. యాసంగి కోతలు జోరుగా సాగుతున్న రోజులు. ఎనిమిదిన్నర ప్రాంతంలో పెళ్ళి నుంచి తిరిగి వస్తున్న భార్యాభర్తల్ని 108లో తీసుకొచ్చారు. రోడ్డు మీద ఆరబోసిన వడ్ల కుప్ప మీద నల్లటి పట్టా కప్పి, గాలికి లేవకుండా చుట్టూ బండరాళ్ళు పెట్టి ఉన్నాయి. ఎదురుగా వస్తున్న లారీ లైట్ల వెలుగులో ఆయనకు అది కనబడలేదు. ముందు చక్రం రాయి ఎక్కింది, వెనక కూర్చున్న ఆమె ఎగిరి తల నేలకు తగిలేలా పడింది. నా దగ్గరికి తెచ్చేసరికే ప్రాణం లేదు. మెడకు పెళ్ళివారు రాసిన గంధం ఇంకా తడిగానే ఉంది. ఆయనకు మెడ దగ్గర ఎముక విరిగింది. మర్నాడు ఆమె తమ్ముడి ఫిర్యాదు మీద కేసు కట్టారు. అందులో ఉన్న మాటలు ప్రతి కేసులోనూ ఉండే మాటలే: “అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి”. నిర్లక్ష్యంతో ప్రాణం పోయేలా చేసినందుకు అప్పట్లో భారత శిక్షాస్మృతిలో సెక్షను 304ఎ. 2024 జులై నుంచి దాని చోట వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 106. ఆ భర్తే ముద్దాయి.

ఇప్పుడు డెంగీకి చేసినట్టే దీనికీ కారణాలు వెతుకుదాం. ఆ వడ్లు ఆరబోసినది రెండెకరాల కౌలు రైతు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు కొనరు. ఆరబెట్టుకోవడానికి అతనికి కల్లం లేదు, ఊరికీ లేదు. మైళ్ళ దూరంలో వేడిగా, చదునుగా, మట్టి అంటకుండా ఉన్న నేల ఆ రోడ్డు ఒక్కటే. అకాల వర్షం భయంతో పట్టా కప్పాడు, పట్టా ఎగిరిపోకుండా రాళ్ళు పెట్టాడు. ఆ రోడ్డుకు ఆ చోట దీపాలు లేవు, అంచున మెరిసే గీత లేదు. ఆమె తలకు హెల్మెట్ లేదు. ఇన్ని కారణాల గొలుసులో పోలీసు కాగితం ఒక్క కొక్కేన్నే పట్టుకుంది, అదీ అప్పుడే భార్యను పోగొట్టుకున్న మనిషిని. మరుసటి యాసంగికి మళ్ళీ అదే రోడ్డు మీద వడ్లు పోశారు. ఊరికి రెండు సిమెంటు కల్లాలు కట్టించడం రోడ్డు భద్రత పని అని నేనంటే నవ్వినవాళ్ళున్నారు. మలేరియా రోజుల్లో గుంట పూడ్చడం వైద్యం పని అన్నవాణ్ణి చూసి కూడా ఇలాగే నవ్వి ఉంటారు.

రహదారి నాలుగు వరుసలు అయ్యాక మా ప్రాంతంలో కొత్త రకం చావు మొదలైంది. రోడ్డుకు ఒక పక్క ఊరు ఉంటుంది, రెండో పక్క ఊరివాళ్ళ పొలాలు, చెరువు, శ్మశానం ఉంటాయి. ఎన్నో తరాలుగా నడిచిన దారిని రోడ్డు రెండుగా కోసింది. దాటడానికి వంతెన లేదు, అండర్‌పాస్ రెండు కిలోమీటర్ల అవతల ఉంది. పాల క్యాను నెత్తిన పెట్టుకున్న మనిషిని రెండు కిలోమీటర్లు పోయి, మళ్ళీ రెండు కిలోమీటర్లు వెనక్కి రమ్మంటే రాదు, ఎవరమైనా రాము. కాబట్టి ఊరివాళ్ళే డివైడరు పగలగొట్టి గండి పెట్టుకున్నారు. అధికారులు పూడ్చారు, మళ్ళీ పగిలింది. బైకులవాళ్ళు యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వస్తారు. కూలీల సంగతి ఇంకో రకం. మిరప కోతలకు, నాట్లకు వెళ్ళే ఆడవాళ్ళకు తెల్లవారుజామున బస్సు లేదు. నలుగురు పట్టే ఆటోలో పద్నాలుగు మంది కూర్చుని పోతారు, వెనక నుంచి లారీ తగిలితే పద్నాలుగు కుటుంబాల మీద ఒకేసారి దెబ్బ పడుతుంది. ఆటో డ్రైవరు ఎక్కువమందిని ఎక్కించుకున్నాడన్నది నిజమే, శిక్షించదగిన తప్పే. ఆ వేళకు ఒక బస్సు ఉండి ఉంటే ఆ తప్పు చేసే అవసరం అతనికి వచ్చేది కాదన్నదీ అంతే నిజం.

ఢిల్లీ ఐఐటీలో దశాబ్దాల పాటు ఈ విషయం మీద పనిచేసి 2021లో కోవిడ్‌తో కన్నుమూసిన ఆచార్య దినేష్ మోహన్ జీవితాంతం పట్టుబట్టి వాదించినది కూడా ఇదే: మన రోడ్ల మీద చనిపోతున్నది నడిచేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు, ద్విచక్ర వాహనాలవాళ్ళు, మన రోడ్లను గీస్తున్నది మాత్రం కారులో కూర్చున్నవాడి కోసం. 2023 మృతుల్లో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాలవాళ్ళు, 20 శాతం పాదచారులు. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరికి ఒంటి చుట్టూ ఇనుము లేదు. నడిచి పోతూ చనిపోయినవారే 35 వేల మంది. జనవరిలో రోడ్డు భద్రతా మాసోత్సవాలకు మా పట్టణంలో బడి పిల్లల చేత ప్లకార్డులు పట్టించి ర్యాలీ తీసేవారు. ఆ పిల్లలు నడిచిన రోడ్డుకు ఎక్కడా కాలిబాట లేదు, పిల్లల్ని కాపాడటానికి ఇద్దరు కానిస్టేబుళ్ళు లారీలను ఆపుతూ పక్కనే నడవాల్సి వచ్చేది.

మన జనానికి క్రమశిక్షణ లేదు, ఎంత మంచి రోడ్డేసినా ఇంతే, అనే మాట చదువుకున్నవాళ్ళ నోట ఎక్కువగా వింటాను. ఈ వాదన మీద నాకు కోపం ఉంది, దాచుకోను. ఇదే జనం డాలస్‌లోనో సింగపూర్‌లోనో దిగిన నెల రోజుల్లో స్టాప్ గుర్తు దగ్గర ఖాళీ రోడ్డు మీద కూడా బండి ఆపుతారు. సెలవులకు వచ్చి హైదరాబాదు విమానాశ్రయం బయట స్టీరింగు పట్టుకోగానే మళ్ళీ పాత పద్ధతికి వస్తారు. ఒక్క విమాన ప్రయాణంలో ఎవరి గుణమూ మారదు. మారినది రోడ్డు, దాని మీద గీతలు, తప్పు చేస్తే తప్పకుండా పట్టుబడతామన్న ఎరుక. మనిషి తప్పు చేస్తాడు. అలసిపోతాడు, తొందరపడతాడు, పిల్ల ఏడుస్తుంటే వెనక్కి తిరిగి చూస్తాడు. ఆ తప్పుకు మరణశిక్ష పడకుండా రోడ్డును కట్టాలని 1997లో స్వీడన్ పార్లమెంటు ఒక విధానంగానే ఒప్పుకుంది.

అలాగని వ్యక్తి బాధ్యతను నేను తోసిపుచ్చడం లేదు. తాగి నడిపినవాడి చేతిలో చనిపోయిన పిల్లల్ని నా చేతులతో బల్ల మీద పడుకోబెట్టాను. హెల్మెట్ పెట్టుకోకుండా 2023లో ఒక్క మన దేశంలోనే 54 వేల మందికి పైగా చనిపోయారు. మంచి హెల్మెట్ మరణ ప్రమాదాన్ని నూటికి నలభై వంతులకు పైగా, తలదెబ్బలను దాదాపు డెబ్భై వంతుల దాకా తగ్గిస్తుందని అధ్యయనాలన్నీ కలిపి చూసినవారు తేల్చారు. ఏ మందుల షాపులోనూ దొరకని మందు ఇది. కానీ ఈ మందు జనం చేత వేయించడానికి కూడా ఉపన్యాసం పనికిరాదు. వియత్నాంలో 2007 డిసెంబరు 15న అన్ని రోడ్ల మీద, వెనక కూర్చున్నవారితో సహా అందరికీ హెల్మెట్ తప్పనిసరి చేసి, తొలి రోజు నుంచే గట్టిగా జరిమానాలు వేశారు. నలభై శాతం దగ్గర ఉన్న వాడకం తొంభై దాటింది, మూడు నెలల్లోనే ఆసుపత్రుల లెక్కల్లో తలదెబ్బలు 16 శాతం, మరణాలు 18 శాతం తగ్గాయి. వాళ్ళు మనకన్నా ధనవంతులేమీ కాదు. మన దగ్గర హెల్మెట్ పెట్రోలు ట్యాంకు మీదో, మోచేతికో ఉండి, చెక్‌పోస్టు కనబడగానే తల మీదికి వస్తుంది, ఎందుకంటే చెక్‌పోస్టు ఎక్కడ ఉంటుందో, ఎన్నింటికి ఎత్తేస్తారో అందరికీ తెలుసు. 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు లేని హెల్మెట్ అమ్మకూడదని నిబంధన ఉంది. మా బస్టాండు ఎదురుగా రెండు వందల రూపాయల ప్లాస్టిక్ టోపీలు ఇప్పటికీ తాడుకు వేలాడుతుంటాయి. నాలుగేళ్ళ పిల్లలకు సరిపోయే హెల్మెట్ కోసం ఒకసారి ఊరంతా తిరిగాను, దొరకలేదు.

ఇక రోడ్డు కట్టినవాడి బాధ్యత విషయానికి వద్దాం. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 198ఎ అనే సెక్షను చేర్చారు. ప్రమాణాల ప్రకారం రోడ్డును గీయక, కట్టక, నిర్వహించక మనిషి చనిపోతే కాంట్రాక్టరుకో, సలహాదారుకో, ఆ సంస్థకో జరిమానా వేయవచ్చు. ఎంత? లక్ష రూపాయల దాకా. అదే సవరణలో తాగి నడిపితే పదివేలు, హెల్మెట్ లేకపోతే వెయ్యి. కోట్ల రూపాయల పనికి, ప్రాణానికి కలిపి లక్ష. ఆ లక్ష ఎవరైనా కట్టగా నేను పనిచేసిన ప్రాంతంలో వినలేదు.

‘బ్లాక్ స్పాట్’ అనే మాట అందరూ వినే ఉంటారు. జాతీయ రహదారి మీద ఐదు వందల మీటర్ల నిడివిలో, మూడేళ్ళ కాలంలో, చావులో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగితేనో, లేక పది మంది చనిపోతేనో ఆ చోటుకు ఆ పేరు వస్తుంది. డాక్టరుగా ఈ నిర్వచనం మొదటిసారి చదివినప్పుడు నాకు చాలాసేపు మనసు కుదటపడలేదు. ఒక బావి నీళ్ళు తాగి ఒక్కరికి కలరా వస్తే ఆ బావికి ఆ రోజే తాళం వేయిస్తాం. తొమ్మిదో మనిషి చనిపోయేదాకా ఆగండి, పదో మనిషి పోయాక చూద్దామని ఏ ఆరోగ్య అధికారీ అనడు, అంటే ఉద్యోగంలో ఉండడు. రోడ్డుకు మాత్రం అర్హత సంపాదించడానికి చావులు లెక్కపెడతాం.

పెద్దవాళ్ళు పోయినప్పుడైనా కళ్ళు తెరుస్తామా అంటే అదీ జరగలేదు. 2012 నవంబరులో శ్రీకాకుళం జిల్లాలో ఎర్రన్నాయుడు గారు, 2013 ఆగస్టులో నల్గొండ జిల్లాలో లాల్ జాన్ బాషా గారు, 2014 ఏప్రిల్‌లో ఆళ్ళగడ్డ దగ్గర శోభా నాగిరెడ్డి గారు, 2018 ఆగస్టులో మళ్ళీ నల్గొండ జిల్లాలో హరికృష్ణ గారు, 2024 ఫిబ్రవరిలో హైదరాబాదు అవుటర్ రింగ్ రోడ్డు మీద ఎమ్మెల్యే లాస్య నందిత గారు రోడ్డు ప్రమాదాల్లోనే పోయారు. పన్నెండేళ్ళలో ఇంతమంది ప్రజాప్రతినిధులను ఏ జ్వరమైనా తీసుకుపోయి ఉంటే దాని మీద శాసనసభ ఎన్ని రోజులు కూర్చునేదో ఊహించండి. ప్రతిసారీ విధి వక్రించిందన్నారు, తీరని లోటన్నారు, కాన్వాయ్‌లు ఆ రోడ్డు మీదే వేగంగా వెళ్ళి అంత్యక్రియలు చూసుకుని వేగంగా తిరిగి వచ్చాయి.

ప్రమాదం జరిగాక చేయవలసినదాంట్లో మాత్రం మనం దేశానికే దారి చూపించాం. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన 108 వాహనం ఎన్ని ప్రాణాలు నిలిపిందో నాలాంటివాళ్ళకు తెలుసు. ఆ కుర్రాళ్ళు నెత్తురు ఆపి, మెడకు పట్టీ వేసి తీసుకొచ్చిన మనిషికీ, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చిన మనిషికీ మధ్య తేడా మా బల్ల మీద కనబడుతుంది. కానీ 108 దింపిన చోట ఏముంది? మా దగ్గర రాత్రిపూట సీటీ స్కాన్ లేదు, మత్తు డాక్టరు లేరు, రక్తం కావాలంటే జిల్లా కేంద్రం నుంచి రావాలి. మొదటి గంట బంగారం లాంటిదని పాఠాల్లో చెప్పుకున్నాం. ఆ గంటను మేము ఎక్కువగా రిఫర్ చీటీ రాయడానికి ఖర్చుపెట్టాం. 2025 మేలో కేంద్రం ప్రకటించిన పథకం ప్రకారం ప్రమాదం జరిగిన ఏడు రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు నగదు లేకుండా చికిత్స ఇవ్వాలి. మంచి పని, ఎప్పుడో జరగాల్సింది. ఆ లక్షన్నరకు వైద్యం చేయగల ఆసుపత్రి గంట దూరంలో ఉన్నప్పుడే దాని విలువ.

ఒక రాత్రి పదకొండు దాటాక గడ్డి మోపులు తోలే ఆటో నడిపే మనిషి ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చాడు. గడ్డి మీదనే పడుకోబెట్టి, తన కండువా తలకు గట్టిగా కట్టి తెచ్చాడు. కుర్రాడు బతికాడు. నేను వివరాలు అడుగుతుంటే ఆ మనిషి గుమ్మం దాకా వెనక్కి జరిగి, “మేడం, నా పేరు మాత్రం రాయకుండ్రి, మీ కాళ్ళు మొక్కుతా” అన్నాడు. తీసుకొచ్చినవారిని పేరు చెప్పమని బలవంతపెట్టకూడదని, సాక్షిగా లాగకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చిలోనే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చిందని, 2019 సవరణలో అది చట్టంలోకే ఎక్కిందని అతనికి చెప్పాను. నమ్మలేదు. గతంలో ఒకసారి ఎవరినో తెచ్చినందుకు మూడు వాయిదాలకు కోర్టు చుట్టూ తిరిగాడట, మూడు రోజుల కిరాయి పోయిందట. నెత్తుటితో తడిసిన కండువా తిరిగి ఇవ్వబోతే తీసుకోకుండా చీకట్లోకి వెళ్ళిపోయాడు.

అభివృద్ధి జరుగుతున్నప్పుడు ఇవి తప్పవు అనే మాటకు జపానే జవాబు. 1970లో ఆ దేశంలో రోడ్ల మీద 16,765 మంది చనిపోయారు. యుద్ధంలో పోయినట్టు పోతున్నారని వాళ్ళు దానికి ‘రవాణా యుద్ధం’ అనే పేరు పెట్టుకున్నారు. ఆ ఏడాదే ప్రత్యేక చట్టం చేసి కాలిబాటలు, సిగ్నళ్ళు, పిల్లలు బడికి వెళ్ళే దారులు, అత్యవసర వైద్యం అన్నీ ఒకే ప్రణాళికలో పెట్టారు. 2020లో మృతులు 2,839. ఈ యాభై ఏళ్ళలో వాళ్ళ వాహనాలు తగ్గలేదు, పెరిగాయి. అంత దూరం పోనక్కరలేదు. ముంబై–పుణె ఎక్స్‌ప్రెస్‌వే మీద 2016లో మొదలుపెట్టి రోడ్డంతా అంగుళం అంగుళం పరిశీలించి, రైలింగులు సరిచేసి, వేగం మీద నిఘా పెట్టి, అంబులెన్సులను సర్ది నాలుగైదేళ్ళలో మరణాలను సగానికి పైగా తగ్గించారు. అక్కడి డ్రైవర్లు వేరే జాతివారేమీ కాదు. 2015లో రోడ్డు భద్రత మీద దేశాలు కలిసి చేసిన బ్రసీలియా ప్రకటన మీద సంతకం చేసి 2020కల్లా మరణాలను సగం చేస్తామని మన దేశం ఒప్పుకుంది. 2024 డిసెంబరులో కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ గారు లోక్‌సభలో నిలబడి, అంతర్జాతీయ సమావేశాల్లో రోడ్డు ప్రమాదాల ప్రస్తావన వస్తే ముఖం దాచుకోవాల్సి వస్తోందన్నారు. అంత నిజాయితీగా ఒప్పుకున్నందుకు ఆయనను గౌరవిస్తాను. ఇదే మాటను ఒక ఆరోగ్య మంత్రి కూడా అన్న రోజు కోసం ఎదురుచూస్తున్నాను, ఎందుకంటే అప్పుడే ఈ చావులు ఆరోగ్య శాఖ లెక్కలోకి ఎక్కినట్టు.

నేను కోరేది చాలా చిన్నది. ప్రతి రోడ్డు మరణానికి, డెంగీకి వెళ్ళినట్టే, ఇరవై నాలుగు గంటల్లో ఒక బృందం ఆ చోటికి వెళ్ళాలి. అందులో ఒక రోడ్ల ఇంజనీరు, ఒక పోలీసు, ఒక ఆరోగ్య ఉద్యోగి ఉండాలి. ఎవరిది తప్పు అని అడగటానికి పోలీసు దర్యాప్తు ఎలాగూ ఉంది. ఈ బృందం అడగవలసినది, రేపు ఇదే వేళకు ఇక్కడ ఇంకొకరు చనిపోకుండా ఏం చేయాలి అని. 2021 నుంచి ప్రమాదం జరిగిన చోటును పోలీసులు ఫోన్‌లోనే ఐరాడ్ అనే వ్యవస్థలో నమోదు చేస్తున్నారు కాబట్టి చోటు తెలియదనడానికి కూడా వీల్లేదు.

ఆ ఆసుపత్రిలో చివరి మూడేళ్ళు నేను బల్ల మీద మూడో పుస్తకం పెట్టుకున్నాను. నూరు పేజీల స్కూలు నోటు పుస్తకం. వచ్చిన ప్రతి రోడ్డు కేసుకు పేరు రాయకుండా వేళ, చోటు, వెలుతురు, నడుస్తున్నారా బండి మీద ఉన్నారా, దేన్ని గుద్దుకున్నారు అని మాత్రం రాసుకున్నాను. 108 కుర్రాళ్ళే చోట్లు చెప్పేవారు: రైస్ మిల్లు ఎదుట గండి, చెరువు కట్ట మలుపు, పెట్రోలు బంకు దగ్గర యూటర్న్. పుస్తకం సగం నిండేసరికి అవే మూడు పేర్లు మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని వేలుతో చూపించగలిగాను. దాన్ని పట్టుకుని జిల్లా రోడ్డు భద్రతా కమిటీ సమావేశానికి వెళితే, ఇది మీ శాఖ పని కాదు కదా డాక్టరు గారూ అని ఒక అధికారి మర్యాదగానే అడిగారు. చనిపోయినట్టు సంతకం పెట్టేది మా శాఖే కదండీ అన్నాను. ఏడు నెలల తర్వాత చెరువు కట్ట మలుపులో నాలుగు దీపాలు వెలిగాయి, అంచున మెరిసే గుర్తులు పెట్టారు. ఆ పేరు నా పుస్తకంలో రావడం తగ్గింది. రైస్ మిల్లు ఎదుట గండి, నేను బదిలీ అయి వచ్చిన రోజున బస్సు కిటికీలోంచి చూస్తే, అలాగే ఉంది. ఒకామె పాల క్యాను నేల మీద దించి, లారీలు పోయేదాకా డివైడరు మధ్యలో నిలబడి ఉంది.